కిటికీ నుంచి ఇంటి దాక

గోదావరిఖని చౌరస్తాల నిమ్మళంగ చాయ్ తాగే రోజులు పోయినయి. చాయ్ ధర పెరిగిందని కాదు నా ఏడుపు. పక్క బల్ల మీద కూసున్న పోరగాళ్ల ముచ్చట చెవుల పడ్తది, అదీ బాధ. మీసం సరిగ్గ రానోడు ఇంకొకనికి చెప్తుంటడు: "అన్నా, మనం పండుకున్నా పైసలు రావాలె. సైడ్ ఇన్‌కమ్ లేనోడు ఈ కాలంల మనిషే కాదు." మా రోజుల్లో పండుకుంటే నాగా పడేది. నాగాలు ఎక్కువైతే చార్జిషీటు వచ్చేది. పండుకుంటే పైసలొచ్చే కొలువు మాకు తెలిసింది ఒక్కటే, రాత్రి పాళీల పంపు కాడి డ్యూటీ. అది కూడ బాయిల తనిఖీకొచ్చే ఓవర్‌మన్ లైటు దూరంకెల్లి కనబడే దాకనే.

నేను బొగ్గు కొట్టినోణ్ణి కాదు, ముందే చెప్తున్న. సింగరేణి బొగ్గు కంపెనీల ఒక ఇంక్లైన్ బాయి ఆఫీసుల పే షీట్లు రాసినోణ్ణి, జీతాల దినం కిటికీ లోపల కూసొని నోట్లు లెక్కబెట్టి ఇచ్చినోణ్ణి. బాయిల దిగేటోళ్లు నన్ను చూసి "నీడపట్టున కొలువు" అని నవ్వేటోళ్లు. నవ్వనియ్యిండ్రి. కాని ఎవని ఇంట్ల ఏం నడుస్తున్నదో ఆ కిటికీ లోపలికెల్లి నాకు తెలిసినంత యూనియన్ లీడర్లకు కూడ తెల్వదు. పే షీటు మీద ముందుగాల జీతం, దాని పక్కపొంట కోతలు: సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల పీఎఫ్), సొసైటీ అప్పు, సూపర్‌బజార్ బాకీ, పండుగ అడ్వాన్సు, యూనియన్ చందా. ఆఖరి గడిల ఉన్నదే చేతికొచ్చేది. ఒకాయన ఆ ఆఖరి గడి చూసి, "ఇది నా జీతమా, నా మీద మీరు చేసిన దయనా?" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, కాని కండ్లు నవ్వలేదు.

అసలు కత కిటికీ బయట ఉండేది. జీతాల దినం గేటు అవతల వరుసగ నిలబడేటోళ్లు వడ్డీలకిచ్చెటోళ్లు. చంకల నోటుబుక్కు, జేబుల పెన్ను. వాళ్లకు మా ఆఫీసు కంటే ముందు తెలిసేది ఎవనికి ఎన్ని హాజరు మస్టర్లు పడ్డయి, ఎవనికి సెలవు దినం ప్లేడే డ్యూటీ దొరికింది, ఎవడు ఓటీ చేసిండు అని. కార్మికుడు నోట్లు లెక్కబెట్టుకుంట గేటు దాటంగనే ఒకడు భుజం మీద చెయ్యేసేటోడు. నెలకు నూటికి ఐదు, పది. ఇంకొకటి గిరిగిరి. 9,000 చేతుల పెట్టి 10,000 రాసుకుంటరు, దినానికి 100 చొప్పున 100 దినాలు కట్టాలె. వినడానికి వెయ్యి రూపాయలే కద అనిపిస్తది. కాని 9,000 మన దగ్గర 100 దినాలు ఉండదు కద, మొదటి దినం నుంచే తిరిగి పోతుంటది. పెన్ను కాయితం పట్టుకొని లెక్క గడితే సాలుకు నూటికి 75 రూపాయల పైన పడ్తది. నేను ఆ లెక్క చెప్తే బొగ్గు నింపే ఒక కోల్‌ఫిల్లర్ అన్నడు, "సారూ, సాలు సంగతి నువ్వు చెప్తున్నవు, నాకు సోమారం సంగతి కావాలె" అని. దానికి నా దగ్గర జవాబు లేకుండె, ఇప్పటికీ లేదు.

క్వార్టర్లు కిటికీకి ఎంత దూరం? నడిస్తే ఒక బీడి కాలేంత. ఆ బీడి కాలేలోపల సగం జీతం ఉండకపోయేది. మిగిలిన సగంల కల్లు దుకాణం వాటా, లక్ష్మీనగర్‌ల బట్టల బాకీ, ఆ తర్వాత ఇంటామె చేతికి. సంపాదన తక్కువని కాదు. ఈ బొగ్గు బెల్టుల పైసలు సంపాదించుడు ఎన్నడూ పెద్ద ప్రశ్న కాలేదు. కిటికీ నుంచి ఇంటి దాక తెచ్చుడే ప్రశ్న. నా కొలువంత ఇదే చూసిన, ఇప్పుడు ఫోన్లల్ల కూడ ఇదే చూస్తున్న.

ఎట్లంటే, జీతాలు బ్యాంకుల పడుడు మొదలైనప్పుడు మేమంత సంబురపడ్డం. ఇగ గేటు కాడ ఎవడూ నిలబడడు అనుకున్నం. నిలబడలేదు, నిజమే. పాస్‌బుక్కే తాకట్టు పెట్టిచ్చుకున్నరు. తర్వాత ఏటీఎం కార్డులొచ్చినయి. కార్డూ, దాని నంబరూ రెండూ వడ్డీ వ్యాపారి డబ్బాల. జీతం పడ్డ పొద్దు ఒకడే మనిషి ఒక దొంతర కార్డులు పట్టుకొని మిషన్ ముందట నిలబడి తన వడ్డీ తీస్కొని, మిగిలింది కార్మికునికి ఇచ్చేటోడు. తన జీతం తాను చెయ్యి చాపి తీస్కునుడు! పోలీసులు ఎన్నో మాట్ల పట్టుకున్నరు, పేపర్లల్ల ఫోటోలు పడ్డయి. ఇప్పుడు డబ్బా కూడ అక్కర లేదు. ఫోన్ల లోన్ యాప్ ఉన్నది. ఐదు నిమిషాలల్ల పైసలు, దానితోపాటు ఫోన్ల ఉన్న చుట్టాల నంబర్లన్ని వాని చేతికి. 2020 డిసెంబర్‌ల తెలంగాణల ఈ యాపోళ్ల వేధింపులకు మనుషులు పాణాలు తీసుకున్నంక పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డరు. 2022 సెప్టెంబర్‌ల రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమాలు పెట్టింది. మా కాలపు వడ్డీ వ్యాపారి గేటు కాడ బేజ్జతి చేసేటోడు, నలుగురి ముందట. వీడు అత్తగారింటికి కూడ మెసేజ్ పెడ్తడు.

హైదరాబాదుల కూసున్నోళ్లు మా కార్మికులను "సింగరేణోళ్లకు పైసలు నిలువయి, తాగి తందనాలాడ్తరు" అంటరు. ఆ మాట నా ముందట అంటే ఊకోను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు దూరినయి, 17 మంది పోయిండ్రు. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని పోయినోళ్లు. పైకి వస్తనో రానో తెల్వని మనిషికి పదిహేనేండ్ల పాలసీ గురించి చెప్పి చూడుండ్రి. ఏడాదికి నూటికి 75 వడ్డీ ఎందుకు కట్టిండంటే, ఏడాది అనే మాట మీదనే వానికి నమ్మకం లేకుండె. అందరూ అట్ల కాదు, బాగ దాచుకున్నోళ్లు కూడ ఉండిరి. కాని తాగుబోతుల కత అని కొట్టి పారేసుడు మాత్రం తప్పు.

మాకు సైడ్ ఇన్‌కమ్ లేకుండెనా? ఉండె, దానికి పేరే లేకుండె. క్వార్టర్ల వెనక బర్రెలను కట్టేసి పాలు పోసినోళ్లున్నరు. ఇంటింట్ల బీడీలు చుట్టే ఆడోళ్లున్నరు. కరీంనగర్ జిల్లాల బీడీల చాట ఒళ్లె లేని అవ్వను చూపియ్యిండ్రి. కుట్టు మిషన్లు, పిండి గిర్నీలు, మొదటి పాళీ దిగొచ్చి సాయంత్రం గడియారాలు బాగుచేసేటోళ్లు. ఒక షాట్‌ఫైరర్ ఉండె, పెండ్లిళ్లకు లైటింగ్ పెట్టేటోడు. మందుగుండు మనిషి కదా, వైర్లంటే భయం లేదు. వీళ్లెవ్వరూ చాయ్ బండి కాడ కూసొని "ఎట్ల సంపాదించాలె" అని ఇంకొకనికి పాఠం చెప్పలె. ఇప్పుడు సంపాదించుడు కంటే సంపాదించుడు గురించి చెప్పుడే పెద్ద దందా. వెయ్యి రూపాయల కోర్సు, అందుల మొదటి పాఠం, "ఇంకో పది మందిని చేర్పియ్యి."

చిట్టీల సంగతి కూడ చెప్పాలె. ఇరవై మంది ఒక్కతాన, నెలకింత, పాట పాడేది. అవసరం ఉన్నోడు తక్కువకు పాడి ముందుగాల ఎత్తుకునేటోడు, ఓపిక ఉన్నోడు ఆఖరికి ఎత్తుకొని లాభపడేటోడు. సర్కారు 1982ల చట్టం చేసింది, రిజిస్టర్ చెయ్యకుండ చిట్టీ నడుపొద్దని. మా కాలనీల చిట్టీలకు రిజిస్టర్ అంటే ఆడోళ్ల కొంగు ముడి. మస్తు ఇండ్లల్ల పిల్లల పెండ్లిళ్లు ఆ చిట్టీల మీదనే అయినయి. నడిపెటోడు ఒక రాత్రి తాళం వేసుకొని పోయిన ఇండ్లు కూడ అన్నే ఉన్నయి. మా మనుమడు మొన్న నాకు సిప్ అంటే ఏందో చెప్పిండు, నెలనెల కట్టుడు, మార్కెట్ల పెరుగుడు, తగ్గుడు. మొత్తం విని అడిగిన, "నడిపెటోడు పారిపోతే ఎవలను పట్టుకోవాలె?" "కాపలాకు సెబీ ఉన్నది తాతా." సరే, అది కొంగు ముడి కంటే నయమే. కాని పాట లేని చిట్టీల మజా లేదు.

ఇగ ఇప్పటి పైసల ముచ్చట. కిటికీ కాడ నేను లెక్కబెట్టిన నోట్లు యాది చేసుకుంటే ఇప్పటి అంకెలకు కండ్లు తిరుగుతయి. 2023 సెప్టెంబర్‌ల పదకొండో వేజ్‌బోర్డు ఏరియర్స్ ఒక్కతాపనే వేసిండ్రు, కంపెనీ మొత్తం మీద 1,726 కోట్లు, కోతలు పోంగ మనిషికి సగటున 3.70 లక్షలు. 2024ల లాభాల వాటా 33 శాతం, 796 కోట్లు. 2025ల 34 శాతం, 819 కోట్లు, సగటున 1.95 లక్షలు. దాని వెనకనే దీపావళి బోనస్ 1.03 లక్షలు. అవి పడే వారం ముందు నుంచే ఖనిల గోడల మీద వెంచర్ల పోస్టర్లు, కార్ల షోరూం పాంప్లెట్లు, "జీరో డౌన్ పేమెంట్" బండ్లు. మా గేటు కాడ నోటుబుక్కు పట్టుకొని నిలబడ్డోళ్ల మనుమలే వీళ్లని నా అనుమానం. పైసలు పడకముందే అవి ఎక్కడ ఖర్చు కావాలెనో ఊరంత తీర్మానం చేసి ఉంటది.

ఇంతవరకు సణిగినదాంట్ల ఒక పెద్ద లోపం ఉన్నది, అది నేనే చెప్త, ఇంకొకలు చెప్పే కంటె ముందు. ఆ బోనసూ, ఆ వాటా ఎవలికి? 1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైన కార్మికులు ఉండె. ఇప్పుడు 40 వేలకు అటిటు. ఓపెన్‌కాస్టులొచ్చినయి, పెద్ద మిషన్లొచ్చినయి, మట్టి తీసే పని ప్రైవేటోళ్లకు పోయింది. 1999ల ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ మూతబడ్డది. అది మళ్ల ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతోని తెరుచుకున్నది గాని పాతోళ్ల కొలువులు తిరిగి రాలె. 2024ల మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడ లాభాలల్ల వాటా అని 5,000 ఇచ్చిండ్రు, మరుసటేడు 5,500. ఒకే మట్టి, ఒకే దుమ్ము. ఒకనికి లక్షా తొంభై ఐదు వేలు, ఇంకొకనికి ఐదున్నర వేలు. మా తరంల బదిలీ వర్కర్‌గ చేరినోడు బాయిల 190 మస్టర్లు నింపితే పర్మినెంట్ అయితనన్న ఆశ ఉండె, ఆ ఆశ మీద పెండ్లి చేసుకున్నడు, ఇల్లు కట్టిండు. ఇప్పటి పోరడు ఏడేండ్లు చేసినా కాంట్రాక్టరు మారంగనే మళ్ల మొదటికి. వాణ్ణి పట్టుకొని "మేం ఒక్క కొలువుతోని బతుకలేదా" అనుడు మా ముసలోళ్లకు అలవాటు. ఒక్క కొలువు ఉంటే వాడూ బతుకుతడు. పక్క సంపాదన అంటున్నరు గద, దేని పక్కన? నడిమిట్ల అసలుది ఉండాలె కద.

కంపెనీని చూడుండ్రి. బొగ్గు అమ్ముకునే సింగరేణి 2016ల మంచిర్యాల జైపూర్ కాడ 1,200 మెగావాట్ల కరెంటు ప్లాంటు నడుపుడు మొదలు పెట్టింది, ఆ తర్వాత సోలార్ పలకలు పరిచింది, ఇప్పుడు ఒడిశాల నైనీ బొగ్గు బ్లాకుకు పోయింది. అది కూడ సైడ్ ఇన్‌కమే. కాని 1889ల ఇల్లందు కాడ బొగ్గు తీసుడు మొదలు పెట్టి నూరేండ్లు దాటినంక, కాళ్ల కింద నేల గట్టిగున్నంక. మన పోరని కాళ్ల కింద ఏమున్నది?

ఆ సందుల చొరబడ్తున్నరు దొంగలు. టెలిగ్రామ్‌ల ఒక మెసేజ్ వస్తది, "ఇంట్ల కూసొని హోటళ్లకు రేటింగ్ ఇయ్యిండ్రి, ఒక్కోదానికి 150." మొదటి దినం నిజంగనే పైసలు పడ్తయి. మూడో దినం "ప్రీపెయిడ్ టాస్క్" అంటడు, వెయ్యి కడితే పదమూడు వందలు. అది కూడ ఇస్తడు. ఇరవై వేలు కట్టినంక వాని స్క్రీన్ మీద నీ పేరు కింద ముప్పై వేలు కనబడ్తది, తీసుకుందామంటే ఇంకో నలభై కట్టమంటడు. మోసపోయినమని తెల్వంగనే 1930కి ఫోన్ చెయ్యాలె, గంటల మీద చేస్తే పైసలు ఇంకో ఖాతాకు పోకముందు ఆపే వీలుంటది. సిగ్గుపడి మూడు దినాలు ఊకుంటే దొరకయి. దీనికంటే చెడ్డది ఇంకోటున్నది. "నీ బ్యాంకు ఖాతా మాకు కిరాయికియ్యి, నెలకు ఐదు వేలిస్తం" అంటరు. ఇచ్చినోడు ఇదేదో సైడ్ ఇన్‌కమ్ అనుకుంటడు. ఆ ఖాతాల పడేది ఎక్కడో ఎవనికో టోపీ పెట్టిన సొమ్ము. పోలీసులు ముందుగాల వచ్చేది ఆ ఖాతా పేరున్న పోరని ఇంటికే. మా కాలంల కార్మికుడు తన పాస్‌బుక్కు అప్పు కోసం ఇచ్చి బాధపడ్డడు, వీడు ఊకనే ఇచ్చి జైలుకు పోతున్నడు.

పేకాట, బెట్టింగు గురించి ఎక్కువ రాయ. తెలంగాణ 2017లనే ఆన్‌లైన్ జూదం బందు పెట్టింది, 2025 ఆగస్టుల పార్లమెంటు పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. ఆడేటోడు ఆడుతనే ఉన్నడు. కాని ఈ ఆప్షన్ ట్రేడింగ్ అనేది జూదం కాదని, తెలివని చెప్పుకుంటరు. సెకండ్ షిఫ్టుకు పోవాల్సినోడు పొద్దున తొమ్మిది కాంగనే ఫోన్ ముందట పూజల కూసున్నట్టు కూసుంటడు. సెబీ వాళ్లే 2024ల లెక్క తీసిండ్రు: మూడేండ్లల్ల ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన మామూలు జనంల నూటికి 93 మంది పోగొట్టుకున్నరు, మనిషికి సగటున రెండు లక్షల దాక. నేనిది ఒక పోరనికి చెప్తే, "మిగిలిన ఏడుగురిల నేనుంట తాతా" అన్నడు. నూటికి 93 మంది దెబ్బలతోని పైకొచ్చే బాయి ఏదన్న ఉంటే గనుల భద్రత చూసే డీజీఎంఎస్ వాళ్లు తెల్లారేసరికి దానికి తాళం పెడ్తరు. ఆ ఏడుగురిని సన్మానం చేస్తమని తెరిచిపెట్టరు.

యూట్యూబ్ల పైసలు వస్తయా అంటే వస్తయి, అది అబద్ధం కాదు. మాకు దగ్గర్లనే, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల 2012ల శ్రీరాం శ్రీకాంత్ మై విలేజ్ షో మొదలు పెట్టిండు. ఆ వీడియోలల్ల గంగవ్వ మాట్లాడింది, 2020ల బిగ్‌బాస్ దాక పోయింది, ఇల్లు కట్టుకున్నది. కూలికి పోయి, బీడీలు చుట్టి బతికిన మనిషి. అట్లనే గ్రాండ్‌పా కిచెన్ నారాయణరెడ్డి, తెల్లగడ్డంతోని పెద్ద పెద్ద గంజులల్ల వండి లోకమంత చూసేటట్టు చేసిండు, 2019ల పోయిండు. నా ఈడోళ్లు వాళ్లు, అందుకే నాకు కొంచెం గర్వం. కాని చౌరస్తాల పోరగాళ్లకు గంగవ్వ ఇల్లే కనబడ్తది. పొడుగు వీడియోల మీద యాడ్ల పైసలు రావాల్నంటే ముందుగాల వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు కావాలె, ఏడాదిల జనం నీ వీడియోలను 4,000 గంటలు చూడాలె. వచ్చిన యాడ్ల పైసలల్ల నూటికి 45 వాళ్లు తీసుకొని 55 నీకిస్తరు. పది డాలర్లు అయినంక నీ అడ్రసు నిజమా కాదా అని పోస్టుల ఒక నంబరు పంపుతరు. నూరు డాలర్లు నిండే దాక చేతికి పైసా రాదు. మా కాలనీ పోరడొకడు ఆ పోస్టు కోసం పోస్ట్‌మన్ వెంట బడి తిరిగిండు. గూగుల్ అంత పెద్ద కంపెనీ కూడ ఆఖరికి ఖాకీ సంచిని నమ్ముకునుడు చూసి నాకు సంతోషమైంది. వాడు రెండేండ్లు పాటలు తీసిండు, కెమెరా మీద పెట్టిందాంట్ల పావు వంతు రాలేదు. కాని వానికి ఎడిటింగ్ వచ్చింది. ఇప్పుడు పెండ్లి వీడియోలు కోసిస్తడు, దినానికింత అని తీసుకుంటడు. అది కూలి. కూలి అనాలంటే వానికి నామోషీ, "ఫ్రీలాన్సింగ్" అంటడు. ఏదన్న అననీ, నెల గడుస్తున్నది.

రిటైరైన మా ముచ్చట వేరే ఉన్నది, చిన్నగనే చెప్త. 1998ల బొగ్గు గనుల పింఛన్ పథకం వచ్చింది. పింఛన్ అంటే జీతంల నూటికి 25 మించదు, ఒక్కసారి ఖాయం చేసినంక పెరుగదు. బియ్యం ధర పెరుగుతది, గోళీల ధర పెరుగుతది, అది మాత్రం రాతిల చెక్కినట్టే. చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ చూసి కొడుకులు, అల్లుండ్లు, ఊరి సర్పంచు, అందరూ ఒక్కసారే ప్రేమగ మాట్లాడ్తరు. అగ్రిగోల్డ్ డిపాజిట్ల కంపెనీ చేతులెత్తేసినప్పుడు 30 లక్షలకు పైన జనం మునిగిండ్రు, ఎక్కువ వడ్డీ అన్న ఒక్క మాటకు. పోస్టాఫీసుల సీనియర్ సిటిజన్ పథకం ఉన్నది, 2023 ఏప్రిల్ల వడ్డీ 8.2 శాతం చేసిండ్రు, 30 లక్షల దాక పెట్టుకోవచ్చు. బ్యాంకు దివాళా తీస్తే ఇన్సూరెన్సు మనిషికి ఒక్కో బ్యాంకుల 5 లక్షల దాకనే, 2020 నుంచి. అందుకే ఉన్నదంత ఒక్కతాన పెట్టద్దని నా ఈడోళ్లకు చెప్త. వినేటోళ్లు తక్కువ. ఒకాయన మొత్తం పైసలు తీసుకపోయి రోడ్డు లేని వెంచర్ల ప్లాటు కొన్నడు. ఏటా ఒకసారి పోయి హద్దురాళ్లు ఉన్నయా లేవా చూసి వస్తడు. అదే ఆయన తీర్థయాత్ర.

ఇంత మందిల నాకు నచ్చిన లెక్క ఒక్కటే ఉన్నది, మా వీధిల కిరాయికుండే ఒక కోడలిది. పెనిమిటి మట్టి కాంట్రాక్టుల డంపర్ నడుపుతడు. ఈమె పెండ్లి జాకెట్ల మీద మగ్గం పని చేస్తది, ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌ల పెడ్తది, కరీంనగర్ నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వస్తయి. ఒకసారి అమెరికాల ఉన్న మనోళ్లకు కూడ పంపింది. నన్ను "బాపూ" అంటది. మొదట్ల వచ్చి సంబురంగ చెప్పింది, "బాపూ, జాకెట్‌కు 4,000 మిగులుతున్నయి" అని. మిగులుతున్నయా, వస్తున్నయా అని బుక్కు తీపిచ్చిన. దారం, పూసలు, జరీ 900. కొరియర్ 150. ఫోటో పది మందికి కనబడాలని ఫోన్ల కట్టింది 300. సాయం కూసున్న పిల్ల కూలి 800. అన్నీ పోంగ 1,850. నాలుగు దినాలు, దినానికి ఆరు గంటలు. గంటకు 77 రూపాయలు. ఆ అంకె చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "నయమే కద బాపూ, పిలగాడు నా కండ్ల ముందట్నే ఉంటడు" అన్నది. నయమే. ఆ దినం నుంచి ప్రతి నెలా బుక్కు రాస్తున్నది. ఆ పైసల కోసం వేరే ఖాతా తెరిచింది, దాని కార్డు పెనిమిటికి కూడ ఇయ్యదు. నా కొలువంత కిటికీ అవతల ఒక్క మనిషి కూడ ఈ పని చేసుడు నేను చూడలే.

పోయిన చలికాలం వచ్చి ఇంకోటడిగింది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్, మూడు లక్షల పైన. కిస్తీల మీద తీసుకుంట, నాలుగు దినాల పని ఒక్క పూటల అయితది అన్నది. నేను అడిగిన: బ్యాంకుల ముద్ర లోను అడిగినవా, ఫైనాన్సోడు వడ్డీ ఎంతంటున్నడు? చేతి పనికి 4,000 ఇచ్చెటోళ్లు మిషన్ పనికి ఎంతిస్తరు? ఆషాఢంల, పుష్యంల, మూఢం పడ్డప్పుడు పెండ్లిళ్లు ఉండయి, జాకెట్లూ ఉండయి, కిస్తీ ఆగుతదా? మొదటి రెండిటికి జవాబు తెచ్చింది. మూడోదానికి "అందరూ కట్టట్లేదా బాపూ" అన్నది.

మిషన్ కొన్నది. దింపిన దినం నన్ను పిలిచి కొబ్బరికాయ నా చేతనే కొట్టిపిచ్చింది. పెండ్లిళ్ల సీజన్ల రాత్రి పదింటి దాక దాని చప్పుడు వినబడేది, మా ఇంటామె నిద్ర పాడయితున్నదని గొణిగింది. ఇప్పుడు ఆషాఢం నడుస్తున్నది, చప్పుడు లేదు. కిస్తీ పదో తారీఖు. ఈ నెల బుక్కు ఇంకా నా దగ్గరికి రాలేదు. రేపు నేనే పోయి అడుగుత, ఆమెకు కోపమొచ్చినా సరే.